ఎండ తగిలే మడిలో కలాడియం: ఏ రకం, ఎంత ఎండ, ఎన్ని నీళ్లు?

తూర్పుగోడ (విజయవాడ)
అందరికీ నమస్కారం. ఇంటికి తూర్పున కాంపౌండ్ గోడ వెంట 12 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పున్న మడి ఖాళీగా ఉంది. ఉదయం ఏడున్నరకు గోడ దాటి ఎండ పడుతుంది, ఒంటిగంటకు ఇంటి నీడలోకి వస్తుంది. నేల నల్లరేగడి. మునిసిపల్ నీళ్లు ఒక పూట, మిగతాదంతా బోరు. ఇక్కడ కలాడియం, అదే రంగురంగుల ఆకుల కోసం పెంచే దుంప మొక్క, వేయాలని ఉంది. నర్సరీలో అడిగితే నీడ మొక్క అంటున్నారు, ఫ్లోరిడాలో మాత్రం ఎండ పొలాల్లోనే పండిస్తారని విన్నాను. మన ఎండకు ఆగుతుందా? ఆగేట్టయితే దుంపలు ఎన్ని కావాలి, ఎప్పుడు నాటాలి? ఇప్పుడు ఫిబ్రవరి చివరికొచ్చాం కాబట్టి త్వరగా తేల్చుకోవాలి.

దుంపలపెట్టె (హ్యూస్టన్)
విన్నది నిజమేనండి. ఇక్కడ దొరికే కలాడియం దుంపల్లో దాదాపు అన్నీ ఫ్లోరిడాలోని లేక్ ప్లాసిడ్ ఊరి చుట్టుపక్కల పొలాల్లో పండినవే. పైన నీడనిచ్చే నెట్టు (వల) ఉండదు, చెట్ల నీడ ఉండదు. కానీ రెండు సంగతులు కలిపి చూడాలి.

ఒకటి, ఆ నేల. పూర్వం చిత్తడిగా ఉన్న చోట ఆకూ అలమూ కుళ్లి ఏర్పడిన నల్లటి మెత్తటి మట్టి. కాలువల్లో నీటిమట్టం పెంచుతూ తగ్గిస్తూ వేళ్ల కింద ఎప్పుడూ చెమ్మ నిలుపుతారు. ఎండాకాలంలో మధ్యాహ్నం మబ్బు పట్టి వాన పడడం అక్కడ మామూలు. పగటి వేడి సాధారణంగా 33 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. విజయవాడ మే నెలతో పోల్చడానికే లేదు.

రెండోది, ఆ రైతులు అమ్మేది దుంప, ఆకు కాదు. కాండిడం లాంటి తెల్లాకు రకం కూడా ఆ పొలాల్లో ఎండలోనే పెరుగుతుంది. ఆకు కొంచెం మాడినా దుంప ఊరితే వాళ్లకు చాలు. మనకు కావలసింది ఆకే కాబట్టి పొలంలో పెరిగే రకమల్లా ఇంటి ఎండలో అందంగా ఉంటుందనుకోకూడదు.

ఎండకు ఓర్చుకుంటాయని ఇక్కడ పేరున్నవి: రెడ్ ఫ్లాష్, కరోలిన్ వార్టన్, ఆరన్, వైట్ క్వీన్, ఫ్లోరిడా రెడ్ రఫుల్స్, సన్నాకు రకాల్లో జింజర్‌ల్యాండ్. వీటిలో ఫ్లోరిడా రెడ్ రఫుల్స్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్ల రకం. 1976లో మొదలైన వాళ్ల కలాడియం ప్రజనన కార్యక్రమం ఇంకా నడుస్తోంది.

కడియం దారి (రాజమహేంద్రవరం)
పేర్లు బాగున్నాయి గానీ మన దగ్గర పేరు చీటీతో కలాడియం దొరకడం అరుదు. కడియపులంక నర్సరీల్లో అడిగితే "ఎరుపు", "తెలుపు", "గులాబీ చుక్కలు" అని చూపిస్తారు. అందుకని ఆకు చూసి ఎంచుకోవడం నేర్చుకోవాలి.

ఆకును రెండు వేళ్ల మధ్య పట్టుకుని చూడండి. దళసరిగా, కొంచెం గరుగ్గా తగిలితే ఎండకు పనికొస్తుంది. వెలుతురుకు అడ్డంపెడితే అవతల వేళ్ల నీడ కనిపించేంత పల్చగా ఉంటే నీడకే. అంచు చుట్టూ వేలెడు వెడల్పున ఆకుపచ్చ ఉండి మధ్యలో ముదురు ఎరుపున్నవి నిలబడతాయి. ఆకులో తెలుపు, లేత గులాబీ పాలు ఎంత ఎక్కువైతే అంత తొందరగా మాడుతుంది. ఆ భాగంలో పత్రహరితం దాదాపు ఉండదు, ఆకు కూడా అక్కడే పల్చన. ఆకు గుండె ఆకారంలో కాక ఈటె మొనలా సన్నగా, అంచు ముడతలు పడి ఉండే రకాలు గుండె ఆకు రకాల కంటే ఎండకు మేలు. ఈమధ్య బాగా వస్తున్న థాయ్ రకాల్లో నిగనిగలాడే పల్చటి గులాబీ, తెలుపు ఆకులవి చూడ్డానికి ఎంతో బావుంటాయి. వాటిని వరండాలో ఉంచుకోండి, ఈ మడిలో వద్దు.

మన ఊళ్లలో తొలకరికి దొడ్లో దానంతటదే లేచే పాత రకం ఒకటుంది: ఆకుపచ్చ ఆకు, మధ్యలో ఎర్ర ఈనెలు, తెల్ల, గులాబీ చుక్కలు. ఎవరి పెరట్లోనైనా అడిగి నాలుగు దుంపలు తెచ్చుకోండి. ఎండకు దానంత మొండిది ఇంకోటి లేదు.

మేడమీద మొక్కలు (హైదరాబాద్)
రకం ఏదైనా ఒక సంగతి మరిచిపోతే అన్నీ వృథా. నర్సరీలో ఆకులతో అమ్మే మొక్క 75 శాతం నెట్టు, అంటే ఎండలో 75 శాతం ఆపేసే నెట్టు, కింద పెరిగిందై ఉంటుంది. ఆ ఆకు నీడలో తయారైన ఆకు. దాన్ని తెచ్చి నేరుగా ఎండలో పెడితే రెండు మూడు రోజుల్లో మధ్య భాగం తెల్లబడి, కాగితంలా ఎండి చిరుగుతుంది. రెడ్ ఫ్లాష్ అయినా అంతే. మాడిన ఆకు మళ్లీ బాగుపడదు.

అందుకే ఎండ మడికి ఆకుల మొక్క కొనకండి, దుంప కొనండి. ఎండ పడే చోటే దుంప నాటితే మొలక ఆ ఎండలోనే విచ్చుకుంటుంది. ఆ ఆకు చిన్నది, దళసరి. కాడ పొట్టిగా ఉంటుంది, మొక్క గుబురుగా నిలుస్తుంది. నీడలో అదే దుంప అడుగు పైన కాడ సాగదీసి పక్కకు వాలిపోతుంది.

తప్పనిసరై ఆకుల మొక్కే పెట్టాల్సి వస్తే, మొదటి నాలుగు రోజులు ఉదయం ఎనిమిదిన్నర దాకా ఎండ, తర్వాత నాలుగు రోజులకోసారి గంట చొప్పున పెంచండి. ఈ లోపు పాత ఆకులు ఎలాగూ పోతాయి. కొత్తగా వచ్చే మూడు నాలుగు ఆకులే మీ అసలు మొక్క.

ఎర్రచెలక (వరంగల్)
నేను ఒప్పుకోను. విజయవాడలోనైనా వరంగల్‌లోనైనా ఏప్రిల్, మేలో ఒంటిగంట దాకా ఎండంటే కలాడియంకు ఎక్కువే. పదకొండు గంటలకే 40 దాటే రోజులుంటాయి. వడగాలి ఒకటి. ఫ్లోరిడాలో గాలిలో తేమ ఉంటుంది, ఇక్కడ పొడిగాలి ఆకులోంచి నీరు పీల్చేస్తుంది. వేళ్ల దగ్గర ఎన్ని నీళ్లున్నా ఆకు ఖర్చు పెట్టినంత వేగంగా వేరు అందించలేదు. అంచులు మాడతాయి. రోహిణి కార్తె పోయి మృగశిర వచ్చాక నాటడమే మంచిది. జూన్ నుంచి అక్టోబరు దాకా ఐదు నెలలు చక్కగా ఉంటుంది. ఎండాకాలం మొక్కను కాపాడుతూ కూర్చోవడమెందుకు?

కొండవాలు (విశాఖపట్నం)
ఎర్రచెలక గారు చెప్పింది తెలంగాణకు, రాయలసీమకు సరిగ్గా సరిపోతుంది. మా తీరంలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి మార్చిలో లేచిన మొక్క మే నెల కూడా దాటేస్తుంది. విజయవాడ ఈ రెంటికీ మధ్య. నా మాటైతే ఇప్పుడే నాటమంటాను, మార్చి చివరి వారం నుంచి మృగశిర దాకా 50 శాతం నెట్టు కట్టమంటాను. నెట్టు ఆకుల మీద వాలకూడదు. ఆరేడడుగుల ఎత్తున కట్టి, నాలుగు పక్కలా గాలి ఆడనివ్వాలి. తీసేటప్పుడు మబ్బు పట్టిన రోజు సాయంత్రం చూసి తీయండి. ఎండ కాస్తున్న పొద్దున్నే తీస్తే నెట్టు కింద వచ్చిన ఆకులన్నీ ఒక్క మధ్యాహ్నంలో పోతాయి.

నెట్టు కట్టే ఓపిక లేకపోతే మృగశిరే మేలు. ఒక చిక్కుంది. ఇంట్లో దాచిన దుంప మార్చిలోనే మొలక పొడుస్తుంది, ఆపితే ఆగదు. అలాంటివాటిని 4 అంగుళాల కవర్లలో పెట్టి పొద్దుటి ఎండ పడే చోట ఉంచి, జూన్‌లో మట్టిగడ్డ చెదరకుండా మడిలోకి మార్చండి. చీకట్లో ఉంచితే మొలక తెల్లగా సాగిపోతుంది, అది ఎండకు పనికిరాదు.

తూర్పుగోడ (విజయవాడ)
నెట్టు కడతానండి, ఇప్పుడే నాటుతాను. నల్లరేగడిలో ఎలా? తవ్వి మట్టి మార్చాలా?

కడియం దారి (రాజమహేంద్రవరం)
నల్లరేగడిలో గుంట తవ్వి మంచి మట్టి నింపకండి. వానాకాలంలో చుట్టూ ఉన్న రేగడి నీళ్లు దిగనివ్వదు, మీరు నింపిన గుంట నీళ్ల తొట్టిలా మారి దుంపలు కుళ్లుతాయి. పైకే లేపండి. ఇటుకలు పేర్చి 8 అంగుళాల ఎత్తున మడి కట్టండి. పునాది రేగడిని గునపంతో కదిలించి వదిలేస్తే చాలు.

మీ మడికి 20 ఘనపుటడుగుల మిశ్రమం కావాలి, అంటే సుమారు 560 లీటర్లు. అందులో సగం, 280 లీటర్లు, ఎర్రమట్టి. పావు వంతు, 140 లీటర్లు, బాగా చివికిన పశువుల ఎరువు గానీ వర్మీకంపోస్టు గానీ. మిగతా పావు కొబ్బరి పొట్టు. 5 కిలోల కొబ్బరి పొట్టు ఇటుక నానితే 70 లీటర్లకు పైగా వస్తుంది కాబట్టి రెండు ఇటుకలు చాలు. పొట్టును నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ మంచినీళ్లు పోసి పిండండి. కడగని పొట్టులో ఉప్పు ఉంటుంది, కలాడియం ఆకు అంచు మాడడానికి అదొక్కటే చాలు. అర కిలో వేపపిండి మొత్తంలో కలిపి, తడిపి, వారం రోజులు అలా వదిలేసి ఆ తర్వాత నాటండి. కాస్త పులుపు నేల దీనికి ఇష్టం, ఉదజని సూచిక (pH) 5.5 నుంచి 6.5 మధ్య. గోడకు సున్నం వేసి ఉంటే అది ఆ పులుపు తగ్గిస్తుంది కాబట్టి గోడకు ఆరంగుళాలు ఎడం ఉంచి మడి కట్టండి. గోడ చెమ్మ ఎక్కకుండా కూడా అదే మంచిది.

ఎరువు పచ్చిది మాత్రం వేయకండి. దుంప కుళ్లుకు, వేరుపురుగుకు అదే మూలం.

దుంపలపెట్టె (హ్యూస్టన్)
దుంపల లెక్క. ఇక్కడ అడ్డకొలతను బట్టి అమ్ముతారు: 1 నుంచి ఒకటిన్నర అంగుళం రెండో నంబరు, ఒకటిన్నర నుంచి రెండున్నర ఒకటో నంబరు, రెండున్నర నుంచి మూడున్నర జంబో, ఆపైది మామత్. మడికి ఒకటో నంబరు సరైనది. 10 అంగుళాల ఎడంలో వరుసకు 14, మూడు వరుసలు, మొత్తం 42. కుళ్లిపోయేవాటికి నాలుగైదు ఎక్కువ తెచ్చుకోండి. ఎండ మడికి ఎడం మరీ పెంచకూడదు. ఆకులు ఒకదాని మీద ఒకటి కప్పుకుంటే నేల వేడెక్కదు.

దుంప చేతితో నొక్కితే గట్టిగా ఉండాలి. మెత్తగా, బూజు వాసనతో ఉంటే తీసేయండి. గడ్డలు గడ్డలుగా కళ్లున్న వైపు పైకి. వేళ్లు కూడా ఆ పై భాగం నుంచే పుడతాయి, అందుకే పైన రెండంగుళాల మట్టి తప్పనిసరి. పైపైన పెడితే వేళ్లకు పట్టు దొరకదు. తలకిందులుగా పెట్టినా మొలుస్తుంది గానీ ఆలస్యం.

మధ్యలో ఉండే పెద్ద కన్నును కత్తి మొనతో 3–4 మిల్లీమీటర్ల లోతున తీసేస్తే చుట్టూ ఉన్న చిన్న కళ్లన్నీ లేస్తాయి. ఆకులు చిన్నవి వస్తాయి, ఎక్కువ వస్తాయి. చిన్న ఆకు ఎండకు తక్కువ వాడుతుంది కాబట్టి ఎండ మడికి ఈ పని చేసి తీరాలంటాను. కోసిన చోట రెండు రోజులు నీడలో ఆరనివ్వండి. తడి మీద నాటితే అక్కడి నుంచే కుళ్లు మొదలవుతుంది.

నేల 21 డిగ్రీలు దాటాకే నాటాలి. అది మా టెక్సస్ వాళ్ల బాధ, ఏప్రిల్ దాకా ఆగాలి. మీకు ఈ పాటికే అంతకంటే ఎక్కువే ఉంటుంది. మొలక పైకి రావడానికి మూడు నుంచి ఐదు వారాలు పడుతుంది. ఆలోగా తవ్వి చూడకండి, కొత్త వేరు తెగుతుంది.

మేడమీద మొక్కలు (హైదరాబాద్)
నీళ్ల సంగతి ఎవరూ ఇంకా లెక్కతో చెప్పలేదు. ఎండ మడిలో ఫలితం తేలేది అక్కడే.

నాటిన రోజు మడి తడిసేలా పోయండి. ఆ తర్వాత మొలక కనిపించేదాకా మట్టి చెమ్మగా ఉంటే చాలు, మూడు రోజులకోసారి. ఆకు లేని దుంపకు నీళ్లు తాగే దారి లేదు, పోసినదంతా కుళ్లుకే. మొక్కకు మూడు ఆకులు వచ్చాక అసలు తడి మొదలు. ఎండాకాలంలో మీ మడి రోజుకు సుమారు 20 లీటర్లు తాగుతుంది, వడగాలి రోజుల్లో 25. చేత్తో పోస్తే ఏదో ఒక రోజు తప్పుతుంది, ఎండలో ఒక్క రోజు తప్పినా ఆకు అంచు పోతుంది. 16 మిల్లీమీటర్ల డ్రిప్ పైపు, అడుగుకో రంధ్రం, రంధ్రానికి గంటకు 2 లీటర్లు ఇచ్చేది తీసుకోండి. రెండు లైన్లు వేస్తే 24 రంధ్రాలు, గంటకు 48 లీటర్లు. పొద్దున ఆరింటికి 15 నిమిషాలు, మధ్యాహ్నం మూడింటికి 12 నిమిషాలు. వాన పడిన రోజు ఆపేయండి.

మధ్యాహ్నం తడికి ఒక జాగ్రత్త. మేడ మీద నల్ల ట్యాంకులో, ఎండలో పడున్న పైపులో నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాగి ఉంటాయి. ఆ నీళ్లు పడితే వేరు ఉడుకుతుంది, మొక్క నిలువునా వాలుతుంది. చూసేవాళ్లు ఎండదెబ్బ అనుకుంటారు. పైపులో మొదటి బకెట్ వేడి నీళ్లు పక్కన పారబోసి, చల్లబడ్డాక మడికి తిప్పండి. ట్యాంకు నీళ్లే కాగి ఉంటే మధ్యాహ్నం తడి మానేసి, ఉదయమే రెండూ కలిపి 27 నిమిషాలు పెట్టండి.

ఎర్రచెలక (వరంగల్)
ఎండలో ఆకు మీద నీటిబొట్టు పడితే భూతద్దంలా కాల్చి మచ్చ వేస్తుందంటారు. మధ్యాహ్నం పైనుంచి పోయొచ్చా?

మేడమీద మొక్కలు (హైదరాబాద్)
కలాడియం లాంటి నున్నటి ఆకు మీద బొట్టు అంచు దాకా ఆకును అంటుకుని ఉంటుంది. వెలుతురు ఒకచోట చేరి కాల్చేంత దూరం ఉండదు. ఆ మచ్చలకు కారణాలు వేరే: బోరు నీటి ఉప్పు ఎండి మిగలడం, ఎరువు గుళిక తడి ఆకు మీద అతుక్కోవడం, కాగిన పైపు నీళ్లు. అయినా పైనుంచి పోయకపోవడమే మంచిది. ఆకు పెద్దది, నీళ్లు ఆకు మీద నుంచి జారి పక్కకు పోతాయి, మొదలు పొడిగానే ఉంటుంది.

కొండవాలు (విశాఖపట్నం)
నేలను కప్పకపోతే 20 లీటర్లు కూడా చాలవు. మొలకలు జానెడు ఎత్తు వచ్చాక రెండంగుళాల మందాన ఎండుటాకులు గానీ కొబ్బరి పీచు గానీ పరచండి. వరి ఊక ఒక్కటే వేస్తే గాలికి ఎగిరిపోతుంది, దాని మీద పీచు వేయాలి. కాడల మొదలుకు అంగుళం ఖాళీ ఉంచండి. చెదలు వస్తాయని భయపడి చాలామంది మానేస్తారు. వేపపిండి కలిపి ఉంటే, నేల తడిగా ఉంటే అంతగా రావు.

తూర్పుగోడ (విజయవాడ)
ఆకు పాడైతే అది ఎండ వల్లో మరో దాని వల్లో ఎలా పోల్చుకోవాలి?

కడియం దారి (రాజమహేంద్రవరం)
ఎక్కడ మొదలైందో చూడండి. ఆకు మధ్యలో, తెల్ల, గులాబీ భాగంలో, పైకి తిరిగి ఉన్న ఆకుల మీదే కాగితంలా ఎండితే ఎండ. కింద నీడలో ఉన్న ఆకులు బాగానే ఉంటాయి. ముదురాకుల కొసల నుంచి, అంచుల వెంట గోధుమ రంగు గీతలా పాకితే ఉప్పు నీళ్లు, లేదా తడి తప్పడం. మట్టి మీద తెల్లటి పొర కనిపిస్తే ఉప్పే. వారానికోసారి మునిసిపల్ నీళ్లు మామూలు కంటే మూడింతలు, ఒక 60 లీటర్లు, మెల్లగా పారించి ఉప్పు కిందికి దిగేలా చేయండి. మీకు రెండు రకాల నీళ్లూ ఉన్నాయి కాబట్టి మునిసిపల్ నీళ్లు ఈ మడికే కేటాయిస్తే ఇంకా మంచిది.

ఆకు మీద సూదితో పొడిచినట్టు లేత పసుపు చుక్కలు, తిప్పి చూస్తే ఈనెల పక్కన సన్నటి బూడిద లాంటి పురుగులు, దారాలు ఉంటే ఎర్రనల్లి. ఎండ మడికి అసలు శత్రువు ఇదే. పొడి వేడిలో వారంలో మడంతా పాకుతుంది. తెల్లవారుజామున నీళ్ల జోరుతో ఆకు అడుగు భాగం మూడు రోజులకోసారి కడగండి, సగం పని అయిపోతుంది. మిగలినదానికి లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, 2 మిల్లీలీటర్ల సబ్బు ద్రావణం, ఎండ దిగాక సాయంత్రమే. నూనె పడ్డ ఆకు మీద ఎండ తగిలితే నూనె వల్లే మాడుతుంది. ముందు ఒక ఆకు మీద కొట్టి రెండు రోజులు చూడండి. గంధకం పొడి మందులు 32 డిగ్రీలు దాటిన రోజుల్లో ముట్టుకోకండి.

రాత్రికి రాత్రే పెద్ద కంతలు పడితే లద్దె పురుగు. చేమ ఆకు తినేదే దీన్నీ తింటుంది. టార్చి వేసుకుని రాత్రి ఎనిమిది తర్వాత ఆకు అడుగున చూసి ఏరేయడం కంటే మంచి మందు లేదు.

మధ్యాహ్నం ఆకులు వాలి సాయంత్రానికి లేస్తే కంగారు పడకండి. సాయంత్రం ఆరైనా లేవకపోతే వేరు దగ్గర తప్పుంది. కాడను మెల్లగా లాగితే చేతికి వచ్చేసి మొదలు మెత్తగా, కంపు కొడితే కుళ్లు. ఆ దుంపను చుట్టూ పిడికెడు మట్టితో సహా తీసి పారేయండి. మిగతావాటికి రెండు రోజులు తడి ఆపండి.

దుంపలపెట్టె (హ్యూస్టన్)
కుళ్లు లేకుండానే మొక్క ఎదగక, పొద్దున్నే కూడా వాడినట్టుంటే ఒక దాన్ని తవ్వి వేళ్లు చూడాలి. పూసలు గుచ్చినట్టు బుడిపెలుంటే వేరుబుడిపె నులిపురుగు. ఇంతకు ముందు టమాటా, వంగ, బెండ వేసిన మట్టిలో ఇది సాధారణం. మిశ్రమానికి ఎర్రమట్టి తెచ్చేటప్పుడు కూరగాయల మడి నుంచి తేవద్దు. దుంపల్లో ఉందని అనుమానముంటే, నిద్రలో ఉన్న దుంపల్ని 50 డిగ్రీల నీళ్లలో సరిగ్గా 30 నిమిషాలు ఉంచి, వెంటనే చల్లటి నీళ్లలో ముంచి, నీడలో ఆరబెట్టాలి. థర్మామీటరు లేకుండా చేయకండి. మొలకెత్తిన దుంపకు ఈ పని వద్దు, మొలక చచ్చిపోతుంది.

ఎర్రచెలక (వరంగల్)
ఎరువు గురించి కూడా చెప్పండి. నత్రజని ఎక్కువైతే రంగు పోతుందని అంటారు, నిజమేనా?

మేడమీద మొక్కలు (హైదరాబాద్)
నిజమే. ఆకు పెద్దదై ఆకుపచ్చ ఎక్కువవుతుంది, ఎరుపు, గులాబీ తగ్గుతాయి. మెత్తగా పెరిగిన ఆ ఆకే ఎండకు ముందు పడిపోతుంది కూడా. యూరియా అసలు వద్దు. మూడో ఆకు వచ్చాక 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే ఎరువు) లీటరు నీళ్లకు 1 గ్రాము, 15 రోజులకోసారి, మొక్కకు ఒక గ్లాసు, తడిసిన నేల మీదే. మడిలో వర్మీకంపోస్టు ఇంత ఉంది కాబట్టి మొదటి రెండు నెలలు అది కూడా అక్కర్లేదు. ఏప్రిల్ చివర నుంచి జూన్ మొదటి వారం దాకా ఏ ఎరువూ వేయకండి.

కొండవాలు (విశాఖపట్నం)
ఉత్తరం గోడ పక్కన నీడ ఉంటుందని కలాడియం పెట్టేవాళ్లకు ఒక మాట, ఈ చర్చ చదివే మిగతావాళ్ల కోసం. మన అక్షాంశాల్లో మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. హైదరాబాద్‌లో నీడలేని రోజులు మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో వస్తాయి. ఆ మధ్యకాలమంతా ఉత్తరం గోడకు మధ్యాహ్నపు ఎండ పడుతుంది, ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండ కూడా. జనవరిలో చూసి నీడ అనుకున్న చోటు మేలో నీడ కాదు. నాటే ముందు చోటు లెక్క వేయాలంటే మే నెల నీడ ఊహించుకోవాలి.

పడమటి గోడకైతే ఏ రకమూ వద్దు. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా ఎండ ఒక వైపు, కాగిన గోడ వేడి ఇంకో వైపు. అక్కడ క్రోటన్లో గడ్డి గులాబీయో వేసుకోండి.

మేడమీద మొక్కలు (హైదరాబాద్)
మేడ మీద కుండీలవాళ్లకు కూడా ఒక మాట. నల్ల ప్లాస్టిక్ కుండీ శ్లాబు మీద నేరుగా పెడితే మట్టి వేడెక్కి వేరు పోతుంది. ఆకు ఎండకు తట్టుకున్నా వేరు తట్టుకోదు. 12 అంగుళాల మట్టి కుండీ లేదా తెల్లటిది, కుండీకి మూడు దుంపలు, అడుగున రెండు ఇటుకల ఎత్తు. చిన్న కుండీని పెద్ద కుండీలో దించి మధ్య ఖాళీలో తడి కొబ్బరి పీచు కూరితే ఇంకా మేలు. అయినా కుండీల్లో ఉదయం పదింటి దాకా ఎండ చాలు. నేలలో పెట్టిన మొక్కకు చెప్పిన లెక్క కుండీకి వర్తించదు.

తూర్పుగోడ (విజయవాడ)
ఇంట్లో చిన్న పిల్లలు, కుక్క ఉన్నారు. పక్కనే చేమ మొక్కలు కూడా వేశాం, ఆకు వండుకుంటాం. ఇబ్బందా?

కడియం దారి (రాజమహేంద్రవరం)
ఇబ్బందేనండి. చేమ, కంద కుటుంబమే ఇది. ఆకులో, దుంపలో కాల్షియం ఆక్సలేట్ సూదులుంటాయి. నమిలితే నోరు, గొంతు మండి వాస్తాయి. చేమను ఉడికించి తింటాం గానీ కలాడియం ఏ రకంగానూ తినేది కాదు. చుక్కల్లేని లేతాకు తొందరలో చేమాకులో కలిసిపోవచ్చు. చేమను వేరే చోటికి మార్చండి, కనీసం మధ్యలో దారి ఉండాలి. దుంప కోసేటప్పుడు చేతులకు తొడుగు వేసుకోండి. పిల్లలు, కుక్క ఆ వైపు తిరిగే చోటైతే మడి ముందు రెండడుగుల ఎత్తున జాలీ కట్టండి.

తూర్పుగోడ (విజయవాడ)
చేమను పెరటి వైపుకు మార్చేస్తాను. చివరిగా, అక్టోబరు తర్వాత దుంపల్ని మడిలోనే ఉంచాలా, తీయాలా?

కొండవాలు (విశాఖపట్నం)
కోస్తాలో తీయాలి. అక్టోబరు, నవంబరులో తుఫాను వానలు పడే సమయానికి కలాడియం ఆకు రాల్చి నిద్రకు పోతుంటుంది. నిద్రపోయే దుంప తడి మట్టిలో ఉంటే కుళ్లుతుంది. అక్టోబరు రెండో వారం నుంచి నీళ్లు తగ్గించండి. సగానికి పైగా ఆకులు పసుపై వాలాక తవ్వండి, అన్నీ రాలేదాకా ఆగితే ఎక్కడ ఉన్నాయో తెలియదు. ప్రతి దుంపకూ రకం రాసిన చీటీ కట్టండి. కడగకుండా మట్టి దులిపి వారం నీడలో ఆరబెట్టి, వేళ్లు, ఎండిన కాడలు తుంచేసి, పొడి ఇసుకలో గానీ పొడి కొబ్బరి పొట్టులో గానీ ఒకదానికొకటి తగలకుండా పెట్టండి. మట్టి కుండ మంచిది, మూతికి గుడ్డ కట్టాలి. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, 15 డిగ్రీల కంటే చలి తగిలితే దుంప లోపల దెబ్బతిని మార్చిలో మొలవదు. నెలకోసారి తీసి నొక్కి చూడండి, మెత్తబడ్డది కనిపిస్తే తీసేయండి.

మడి ఖాళీగా ఉంచకండి. నవంబరులో బంతి వేస్తే ఫిబ్రవరికి పూత అయిపోతుంది. వేరుబుడిపె నులిపురుగులు తగ్గడానికి కూడా బంతి పనికొస్తుంది. మొక్కలు పీకేసి, రెండు తట్టల వర్మీకంపోస్టు, పావు కిలో వేపపిండి కలిపి దుంపలు మళ్లీ నాటుకోవచ్చు.